వెలి నుండి బలిపీఠానికి: పునీత మేరీ మెకిల్లప్ జీవిత చరిత్ర

మన మేత్రాసనానికి నూరేళ్ళు నిండిన ఈ శుభసమయాన, ఈ సంచికలో మన గుడులను గూర్చి, మనకు విశ్వాస భిక్ష పెట్టిన గురువులను గూర్చి, ఎండనక వాననక పల్లె పల్లె తిరిగిన ఉపదేశులను గూర్చి పెద్దలు వ్రాస్తూ ఉంటారు. మేము మాత్రం ఒక కన్యస్త్రీ కథను ఎన్నుకున్నాము. ఆమె తెలుగుదేశంలో అడుగు పెట్టినవారు కారు. మన భాష విన్నవారు కూడా కారు. సముద్రాలకు ఆవల, ఆస్ట్రేలియా ఖండంలో పుట్టి, అక్కడే మట్టిలో కలిసిన మదర్ మేరీ మెకిల్లప్ ఆమె.

ఆమెనే ఎందుకు ఎన్నుకున్నారని చదువరులు అడగవచ్చు. బీద పిల్లలకు అక్షరం నేర్పడానికే ఆమె ఒక కన్యస్త్రీల సభను స్థాపించారు. కన్యస్త్రీల బడిలో ఓనమాలు దిద్దుకున్నవాళ్ళం మనలో ఎందరమో ఉన్నాము. ఇది ఒక కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఈనాడు శ్రీసభ పునీతురాలని కొనియాడుతున్న ఈ తల్లిని, ఒకనాడు అదే శ్రీసభకు చెందిన పీఠాధిపతి వెలివేశారు. నూరేళ్ళ పండుగ చేసుకునేవారు పూలదండల రోజులతోపాటు కన్నీళ్ళ రోజులను కూడా జ్ఞాపకం చేసుకోవాలని ఆమె జీవితం మనకు చెబుతుంది.

పుట్టుక, బాల్యం

మేరీ 1842వ సంవత్సరం జనవరి 15వ తేదీన మెల్బోర్న్ పట్టణంలో, ఇప్పుడు ఫిట్జ్‌రాయ్ అని పిలిచే పేటలో జన్మించారు. తండ్రి అలెగ్జాండర్, తల్లి ఫ్లోరా. ఇద్దరూ స్కాట్లాండ్ కొండసీమల నుండి పొట్ట చేత పట్టుకొని వలస వచ్చినవారే. ఎనిమిదిమంది సంతానంలో మేరీ పెద్దపిల్ల.

తండ్రి చదువుకున్న మనిషి. గురువు కావాలనే కోరికతో రోమాపురికి వెళ్ళి చదివి, అభిషేకం పొందకుండానే తిరిగి వచ్చారు. మాట మంచిదే, భక్తి ఉన్నదే, కాని చేతిలో డబ్బు నిలిచేది కాదు. చేసిన సేద్యం కలిసిరాలేదు, పట్టిన వ్యాపారం నిలవలేదు. ఇల్లు గడవక కుటుంబం తరచు బంధువుల పంచన చేరవలసి వచ్చేది. పెద్దపిల్లగా పుట్టిన వారికి ఇటువంటి ఇంట బాల్యం ఎక్కువ కాలం ఉండదు కదా! మేరీకి కూడా అంతే అయింది. పదునాలుగవ ఏటనే మెల్బోర్న్‌లో కాగితాలు, పుస్తకాలు అమ్మే ఒక దుకాణంలో గుమాస్తాగా చేరి, వచ్చిన జీతంతో తమ్ముళ్ళను, చెల్లెళ్ళను పోషించారు. మఠంలో చేరి దేవుని సేవ చేయాలనే కోరిక లోపల ఉన్నా, ఇంటి బరువు ఆమెను ఆపింది. బీదరికాన్ని గూర్చి ఆమె పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. ఆ బీదరికం ఆమె సొంత వంటింట్లోనే ఉంది.

పెనోలా గుర్రపుసాల

1860లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, మేరీ దక్షిణ ఆస్ట్రేలియాలోని పెనోలా అనే చిన్న ఊరికి వెళ్ళారు. అక్కడ మేనత్తగారి ఇంట పిల్లలకు చదువు చెప్పడం ఆమె పని. ఆ ఇంటి పిల్లలతోపాటు పొలంలో పనిచేసే కూలివాళ్ళ పిల్లలను కూడా ఆమె కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆ తరువాత జరిగిన మహాకార్యమంతటికీ విత్తనం అక్కడే పడింది.

ఆ ఊరి విచారణ గురువులు ఫాదర్ జూలియన్ టెనిసన్ వుడ్స్. ఇంగ్లాండులో పుట్టిన ఆయన మంచి పండితులు, భూగర్భశాస్త్రంలో పేరు పొందినవారు. ఆయన విచారణ వైశాల్యం సుమారు 22,000 చదరపు మైళ్ళు. ఇది ఎంతో తెలియాలంటే, 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌లో అయిదో వంతు అనుకోవాలి. అంత సీమకు ఒక్కరే గురువు, గుర్రం మీద ప్రయాణం. గొర్రెల మందల వెంట, అడవుల మధ్య చెల్లాచెదురుగా ఉన్న కథోలిక కుటుంబాల పిల్లలు చదువు లేక, జపాలు రాక పెరుగుతున్నారని ఆయన బాధపడేవారు. దక్షిణ ఆస్ట్రేలియాలో మత సంస్థల బడులకు ప్రభుత్వ సహాయం 1851లోనే ఆగిపోయింది. జీతం ఇచ్చి ఉపాధ్యాయులను తెచ్చే శక్తి విచారణలకు లేదు. ఐరోపా నుండి వచ్చిన మఠాలవారు పట్టణాలు దాటి ఇటువంటి మారుమూలలకు రాలేదు. మరి ఈ పిల్లలకు దిక్కెవరు? ఈ ప్రశ్న ఒకవైపు ఫాదర్‌గారిని, మరొకవైపు మేరీని వేధించింది.

తరువాత కొన్నేళ్ళు మేరీ పోర్ట్‌లాండ్ పట్టణంలో పంతులమ్మగా ఉండి కుటుంబాన్ని ఆదుకున్నారు. ఇంటి బరువు కొంత తగ్గాక, 1866లో చెల్లెళ్ళు ఆనీ, లెక్సీలతో పెనోలాకు తిరిగి వచ్చారు. బడికి భవనం లేదు. వాడకుండా వదిలేసిన ఒక గుర్రపుసాల దొరికింది. తమ్ముడు జాన్ దానిని బాగుచేసి, బల్లలు వేసి బడిగా మార్చాడు. ఏబదిమందికి పైగా పిల్లలు చేరారు. ఆ ఏడాది మార్చి 19వ తేదీ, పునీత జోజప్పగారి పండుగనాడు, మేరీ సాదా నల్లదుస్తులు ధరించి తన జీవితం దేవునికి అంకితమని అందరికీ తెలియజేశారు.

మన రక్షకుడు పశువుల తొట్టిలో పుట్టాడు. ఆయన పేరిట ఈ సభ గుర్రపుసాలలో పుట్టింది. మన పెద్దలలో చాలామంది చింతచెట్టు క్రిందనో, తాటాకుల పాకలోనో అక్షరాలు నేర్చినవారే కనుక, ఈ పుట్టుక మనకు వింతగా తోచదు.

కొత్త నియమావళి

1867లో మేరీ అడిలైడ్ నగరానికి వెళ్ళి, ఆగస్టు 15న, మోక్షారోపణ పండుగనాడు మాటపట్టులు ఇచ్చారు. సిలువ మేరీ అన్నది ఆమె మఠనామం. సభకు పునీత జోజప్పగారి పేరు పెట్టారు. ఫాదర్ వుడ్స్ వ్రాసిన నియమావళిని 1868లో అడిలైడ్ పీఠాధిపతి లారెన్స్ షీల్ ఆమోదించారు. ఒక ఆస్ట్రేలియా బిడ్డ స్థాపించిన మొదటి కన్యస్త్రీల సభ ఇదే.

ఈ నియమావళిలో ఆ కాలానికి కొత్తవైన విషయాలు మూడున్నాయి.

మొదటిది పేదరికం. సభకు సొంత ఆస్తి ఉండకూడదు. సిస్టర్లు ఇద్దరు ముగ్గురుగా పల్లెలకు వెళ్ళి, ఊరివాళ్ళు ఎటువంటి గుడిసెల్లో ఉంటే అటువంటి గుడిసెల్లోనే ఉండాలి. పెట్టింది తినాలి. పిల్లలలో ఇవ్వగలిగినవారు రుసుము ఇస్తారు, ఇవ్వలేనివారు ఇవ్వరు, చదువు మాత్రం అందరికీ ఒకటే.

రెండవది సమానత్వం. ఐరోపా మఠాలలో చదువుకున్న ఇంటి కన్యలు ఒక తరగతి, వంటపని, ఇంటిపని చేసే కన్యలు మరొక తరగతి. ఇద్దరికీ కూర్చునే చోటు కూడా వేరు. మేరీ సభలో ఈ భేదం లేదు. సిస్టర్లందరూ ఒకే తరగతి. కలిగినవారి బిడ్డ అయినా కూలివాని బిడ్డ అయినా అందరూ చేసేది ఒకే పని, తొడిగేది ఒకే గోధుమరంగు వస్త్రం. గుడిలో ఒకే దివ్యసత్ప్రసాదం పుచ్చుకొని, గుడి బయటికి రాగానే నీదే పేట, నీదే కులం అని అడిగే అలవాటు ఇంకా పోని మనకు ఈ మాట గుచ్చుకోవాలి.

మూడవది పరిపాలన. సభ మొత్తానికి సిస్టర్లే ఎన్నుకున్న ఒక మదర్ జనరల్ ఉండాలి. ఏ మేత్రాసనంలో పనిచేస్తున్నా సిస్టర్లందరూ ఆమె ఆజ్ఞ క్రింద ఉండాలి. ఆ రోజులలో పీఠాధిపతులు తమ మేత్రాసనంలోని కన్యస్త్రీలు తమ చెప్పుచేతల్లోనే ఉండాలని కోరేవారు. మేరీ ఆలోచన వేరు. ఇద్దరేసి ముగ్గురేసి అడవుల్లో ఒంటరిగా ఉండే సిస్టర్లకు ఒక్కో మేత్రాసనంలో ఒక్కో నియమం పెడితే సభ ముక్కలవుతుంది, బీదల బడులు మూతపడతాయి అని ఆమె భయం. తరువాత వచ్చిన కష్టాలలో ఎక్కువ ఈ మూడవ నియమం చుట్టూనే తిరిగాయి.

సభ మాత్రం వానకు తడిసిన చేనులా పెరిగింది. 1871 నాటికి సుమారు 130మంది సిస్టర్లు నలభైకి పైగా బడులలో చదువు చెబుతున్నారు. అనాథల కొరకు, చెరసాల నుండి విడుదలైన స్త్రీల కొరకు, దిక్కులేని ముసలివారి కొరకు ఇండ్లు తెరిచారు.

వెలి

ఎదుగుదలతోపాటు చిక్కులు వచ్చాయి. ఫాదర్ వుడ్స్ ఉత్సాహవంతులే గాని లెక్కల మనిషి కారు. అప్పులు పెరిగాయి. సిస్టర్లలో కొందరికి బడి నడిపే శిక్షణ చాలలేదని కొందరు గురువులు విమర్శించారు. కలవారి బిడ్డలకు సంగీత వాద్యాలు నేర్పడానికి సిస్టర్లు ఒప్పుకోరని మరికొందరికి కోపం. 1870లో కపుండా ప్రాంతంలో ఒక గురువు పిల్లలపట్ల చేస్తున్న అపచారాన్ని సిస్టర్లు పెద్దలకు తెలియజేశారు. ఆ గురువును ఆ దేశం నుండి పంపివేశారు. ఆయన తోటివారికి సిస్టర్లపై పగ పుట్టిందనీ, తరువాతి సంఘటనకు అది కూడా ఒక కారణమనీ 2010లో వెల్లడి అయింది. పిల్లల పక్షాన నోరు తెరిచినందుకు కూడా మూల్యం చెల్లించవలసి వచ్చిందన్నమాట.

రోమాపురిలో వాటికన్ మహాసభకు వెళ్ళి తిరిగి వచ్చిన పీఠాధిపతి షీల్ అప్పటికే ఆరోగ్యం చెడి, చుట్టూ ఉన్న సలహాదారుల మాటపై ఆధారపడి ఉన్నారు. ఫాదర్ వుడ్స్ అప్పుడు ఆ మేత్రాసనంలో లేరు. నియమావళిని మారుస్తామనీ, సిస్టర్లు స్థానిక గురువుల అధికారం క్రింద ఉండాలనీ పీఠాధిపతి నిర్ణయించారు. మారిన నియమావళి క్రింద తాను ఉండలేనని మేరీ వినయంగానే తెలిపారు. వేరొక మఠానికి వెళ్ళమని ఆజ్ఞ వచ్చినపుడు, ముందు పీఠాధిపతిగారిని ఒకసారి కలిసి మాట్లాడాలని కోరారు. దానినే ధిక్కారంగా తీసుకున్నారు.

1871 సెప్టెంబరు 22. పీఠాధిపతి మకుటం ధరించి, దండం చేతబట్టి సిస్టర్ల మందిరానికి వచ్చారు. తోటి సిస్టర్ల ఎదుట మేరీని మోకాళ్ళపై నిలబెట్టి, అవిధేయురాలివని శ్రీసభ నుండి వెలివేశారు. అప్పుడు ఆమె వయసు 29 ఏళ్ళు. ఆమెతో ఎవరూ మాట్లాడరాదనీ, మాట్లాడినవారికి అదే శిక్ష అనీ ప్రకటించారు.

వెలి అనే మాట మన పల్లెలకు కొత్త కాదు. ఊరికి వెలిగా బ్రతికినవారికి, బావి దగ్గర నిలబడి ఎవరైనా నీళ్ళు పోస్తారేమోనని ఎదురు చూసినవారికి ఆ మాట బరువు తెలుసు. నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, పలకరించరు. దైవసేవకు జీవితం ధారపోసిన కన్యకు దివ్యసత్ప్రసాదమే దూరం చేస్తే ఆ బాధ ఎంతటిదో మనం ఊహించుకోవలసిందే.

పలువురు సిస్టర్లను మఠవస్త్రాలు తీయించి పంపివేశారు. బడులు మూతపడ్డాయి. ఆ సమయంలో ఆదుకున్నవారు ఎవరు? యేసుసభ గురువులు ఈ వెలి న్యాయసమ్మతం కాదని భావించి ఆమెకు దివ్యసంస్కారాలు ఇచ్చారు. వీధిన పడిన సిస్టర్లు తలదాచుకోవడానికి అద్దె లేకుండా ఇల్లు ఇచ్చిన దాత ఇమ్మానుయేలు సాలమన్ అనే యూదుడు. మనవాళ్ళు తలుపు వేసినపుడు పరాయి మతస్థుడు తలుపు తీశాడు. మంచి సమరయుని కథ చదివేటపుడు ఈ సాలమన్‌గారిని కూడా మనం తలుచుకోవచ్చు.

మేరీ ఏం చేశారు? పత్రికలకు ఎక్కలేదు. జట్టు కట్టలేదు. పీఠాధిపతిని దూషిస్తూ ఒక్క మాట అనలేదు, ఇతరులను అననివ్వలేదు. ఆ ఘడియలో తనకు భయం కాక గొప్ప ప్రశాంతత కలిగిందనీ, పీఠాధిపతిపైన, గురువులపైన ప్రేమ మరింత పెరిగిందనీ తరువాత లేఖలలో వ్రాసుకున్నారు. అట్లని తాను నమ్మిన నియమాన్ని వదులుకోనూ లేదు. నోరు మూసుకోవడం వేరు, ఓర్చుకోవడం వేరు. ఆమె ఓర్చుకున్నారు గాని సత్యాన్ని అమ్ముకోలేదు.

అయిదు నెలలు గడిచాయి. షీల్‌గారు మరణశయ్యపై తన తప్పు గ్రహించి, వెలి తొలగించమని ఒక గురువును పంపారు. 1872 ఫిబ్రవరి 23న మార్ఫెట్ వేల్ గుడిలో ఆ వెలి తొలగిపోయింది. కొద్ది రోజులకే, మార్చి 1న, షీల్‌గారు ప్రభువునందు నిద్రించారు. తరువాత ఏర్పడిన దర్యాప్తు సంఘం మేరీని నిర్దోషి అని తేల్చింది.

రోమాపురి ప్రయాణం

స్థానికంగా ఎన్నిసార్లు సర్దుకున్నా మళ్ళీ ఇదే తగాదా వస్తుందని మేరీకి అర్థమైంది. అందుకే 1873లో ఒంటరిగా ఓడ ఎక్కి రోమాపురికి వెళ్ళారు. ఆవిరి ఓడలో వారాల తరబడి ప్రయాణం, చేతిలో డబ్బు తక్కువ, ఆరోగ్యం అంతంతమాత్రం. 9వ పియూసు పోపుగారి దర్శనం చేసుకొని, తన సభ నియమావళిని శ్రీసభ పెద్దల ముందు పెట్టారు. తీర్పు వచ్చేలోగా ఐరోపాలో తిరిగి బడులు నడిపే పద్ధతులు పరిశీలించారు, బీదల కొరకు చందాలు అడిగారు. ఐర్లాండ్ నుండి మఠంలో చేరగోరిన 15మంది కన్యలను వెంటబెట్టుకొని 1875 ఆరంభంలో తిరిగి వచ్చారు.

రోమాపురి పెద్దలు ఆమె కోరిన ముఖ్యమైన సంగతిని మన్నించారు. సభ అంతటికీ ఒకే మదర్ జనరల్ ఉండవచ్చు. కాని ఆస్తి ఏమీ ఉండకూడదన్న నియమాన్ని మార్చారు. అప్పుల పాలైన సభ నిలబడాలంటే కొంత ఆస్తి తప్పదన్నారు. మేరీ తలవంచి ఒప్పుకున్నారు. ఫాదర్ వుడ్స్ మాత్రం తన నియమావళిని మార్చినందుకు నొచ్చుకొని దూరమయ్యారు. కలిసి విత్తనం వేసిన ఇద్దరు పంట చేతికి వచ్చేవేళ విడిపోవడం ఆమె జీవితంలో పెద్ద బాధ. ఆయన 1889లో సిడ్నీలో మరణించారు. ఆయనను సభ స్థాపకులుగా గౌరవించడం ఆమె ఎన్నడూ మానలేదు.

మళ్ళీ శోధనలు

1875 మార్చిలో సిస్టర్లు ఆమెను మదర్ జనరల్‌గా ఎన్నుకున్నారు. రోమాపురి తీర్పు వచ్చినంత మాత్రాన పీఠాధిపతుల మనసు మారలేదు. బాథర్‌స్ట్ మేత్రాసనంలో పీఠాధిపతి మాత్యూ క్విన్ సిస్టర్లు తన అధికారం క్రిందనే ఉండాలన్నారు. 1876లో మేరీ తన సిస్టర్లను అక్కడి నుండి పిలిపించారు. ఉండిపోయినవారు వేరే సభ అయ్యారు. ఆమె భయపడినట్టే ముక్క ఒకటి విడిపోయింది. క్వీన్స్‌లాండ్‌లో కూడా అదే తగాదా, 1880 నాటికి అక్కడి నుండి కూడా వచ్చేయవలసి వచ్చింది.

అన్నిటికన్నా గట్టి దెబ్బ 1883లో తగిలింది. ఒకప్పుడు మిత్రులుగా ఉన్న అడిలైడ్ పీఠాధిపతి క్రిస్టఫర్ రెనాల్డ్స్ ఆమెపై దర్యాప్తు జరిపించి, మేత్రాసనం విడిచి వెళ్ళమన్నారు. ఆమెకున్న జబ్బుకు వైద్యులు మందుగా ఇచ్చిన బ్రాందీని పట్టుకొని తాగుబోతు అని కూడా నిందవేశారు. సభ పుట్టి పెరిగిన చోటు నుండే ఆమె సిడ్నీకి వెళ్ళిపోయారు. 1885లో మదర్ జనరల్ పదవి నుండి కూడా తొలగించి, ఆమె స్థానంలో మదర్ బెర్నార్డ్ వాల్ష్‌ను నియమించారు.

తాను స్థాపించిన సభలోనే తాను మామూలు సిస్టరుగా మరొకరి క్రింద పదునాలుగేళ్ళు గడపడం సామాన్యమైన పని కాదు. విచారణలో ఒక సంఘానికి అధ్యక్ష పదవి పోతే మరుసటి ఆదివారం నుండి గుడికి రావడమే మానేసేవారిని మనం చూస్తున్నాము. మేరీ కొత్త మదరుకు విధేయురాలై, చెప్పిన చోటికల్లా వెళ్ళి, బడులు చూసుకుంటూ, సిస్టర్లకు ధైర్యం చెబుతూ లేఖలు వ్రాశారు. 1886లో, సిడ్నీకి బయలుదేరిన ఆమె తల్లి ఫ్లోరా లై-ఈ-మూన్ అనే ఓడ మునిగి మరణించింది. ఆ దుఃఖాన్ని కూడా దిగమింగుకున్నారు.

1888లో 13వ లియో పోపుగారు ఈ సభను రోమాపురి అధికారం క్రిందనే ఉండే సభగా ఆమోదించారు. ముఖ్యమఠం సిడ్నీలో ఉండాలని నిర్ణయించారు. ఇరవై ఏళ్ళు పోరాడిన సంగతి నెగ్గింది. నెగ్గిననాడు ఆమె చేతిలో అధికారం లేదు. అందుకు ఆమె బాధపడలేదు. సభ నిలిస్తే చాలు, తాను నిలవాలని ఆమె కోరుకోలేదు.

చివరి రోజులు

1898లో మదర్ బెర్నార్డ్ మరణించగా, 1899లో సిస్టర్లు మేరీని మళ్ళీ మదర్ జనరల్‌గా ఎన్నుకున్నారు. 1902లో న్యూజీలాండులో ఉండగా పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచాన పడిందిలే అనుకున్నవారికి ఆశ్చర్యం కలిగేట్టుగా, ఎడమచేతితో వ్రాయడం నేర్చుకొని, చక్రాల కుర్చీలో తిరుగుతూ సభను నడిపించారు. 1905లో సిస్టర్లు మళ్ళీ ఆమెనే ఎన్నుకున్నారు.

1909 ఆగస్టు 8న ఉత్తర సిడ్నీ మఠంలో, 67వ ఏట, ఆమె ప్రభువు సన్నిధికి చేరారు. అప్పటికి సభలో సుమారు 750మంది సిస్టర్లు, 117 బడులు, వాటిలో 12,400మంది పిల్లలు ఉన్నారు. ఒక గుర్రపుసాలతో మొదలైన పని అది! సమాధి చేసిన చోట మట్టిని జనం పిడికెళ్ళతో తీసుకుపోతుంటే, 1914లో ఆమె భౌతికకాయాన్ని మఠ మందిరానికి మార్చవలసి వచ్చింది. అక్కడి సమాధి గదిని కట్టించి ఇచ్చినది కథోలికురాలు కాని ఒక పాత స్నేహితురాలు. మేరీ స్నేహానికి మతం గోడ అడ్డు రాలేదు.

పునీతురాలు

ఆమెను పునీతురాలిగా ప్రకటించడానికి ప్రయత్నం 1920లలోనే మొదలైంది. కొంతకాలం ఆగింది. కారణం ఆనాటి నిందలే. వాటిని గూర్చిన పత్రాలన్నీ పరిశీలించి, నిందలు నిజం కావని తేలిన తరువాత పని ముందుకు సాగింది. 1995 జనవరి 19న 2వ జాన్ పాల్ పోపుగారు సిడ్నీలో ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. 2010 అక్టోబరు 17న రోమాపురిలో 16వ బెనెడిక్ట్ పోపుగారు పునీతురాలిగా ప్రకటించారు. ఆస్ట్రేలియా దేశానికి ఆమే మొదటి పునీతురాలు. అంతకు ముందు ఏడాది, 2009లో, అడిలైడ్ అగ్రపీఠాధిపతి ఫిలిప్ విల్సన్ తమ పూర్వ పీఠాధిపతి చేసిన పొరపాటుకు సిస్టర్ల ముందు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. వెలి పడి 138 ఏళ్ళు గడిచాక కూడా తప్పును తప్పని ఒప్పుకోవడం చిన్నతనం కాదనీ, శ్రీసభకు అదే పెద్దతనమనీ ఆ క్షమాపణ చాటింది.

మనకేమిటి?

ఆస్ట్రేలియాకూ మనకూ సంబంధం లేదనుకోవద్దు. మేరీ పుట్టిన విక్టోరియా సీమలోనే 1887లో మరొక మేరీ పుట్టారు. ఆమే డాక్టర్ మేరీ గ్లోరీ. మెల్బోర్న్‌లో వైద్యవిద్య ముగించి, మంచి ఆదాయం వచ్చే వృత్తిని వదిలి, 1920లో మన గుంటూరు చేరి, జె.ఎం.జె. సభలో సిస్టరై, జోజప్పగారి పేరిట ఉన్న ఆసుపత్రిలో తెలుగు తల్లులకు, పసిపిల్లలకు ప్రాణం పోసినవారు. 1943లో దేశంలోని కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేసింది కూడా ఆమే. 1957లో బెంగుళూరులో కన్నుమూశారు. ఒక మేరీ అక్కడ బడులు పెట్టారు, మరొక మేరీ ఇక్కడ ఆసుపత్రి నడిపారు. ఆ సీమ స్త్రీల విశ్వాసపు వెలుగు మన గడప వరకు వచ్చిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏమి కావాలి?

మన మేత్రాసనపు నూరేళ్ళ చరిత్రలో కూడా పేరు చెక్కని కన్యస్త్రీలు ఎందరో ఉన్నారు. గుడికి శంకుస్థాపన చేసినవారి పేరు రాతిమీద ఉంటుంది. మనకు అక్షరం దిద్దించిన సిస్టరమ్మ పేరు మన పెద్దల జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. ఆ పెద్దలు కూడా వెళ్ళిపోతే ఆ పేరూ పోతుంది. కనుక ఈ సంవత్సరం ప్రతి ఇంటా ఒక పని చేద్దాము. ముసలివారిని కూర్చోబెట్టి, మీకు చదువు చెప్పిన సిస్టరమ్మ ఎవరు, మీ కాన్పు చూసిన సిస్టరమ్మ ఎవరు అని అడిగి, ఆ పేర్లు వ్రాసిపెడదాము.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. మన మధ్య అన్యాయంగా మాట పడినవారు, నిజం చెప్పినందుకు పక్కకు నెట్టబడినవారు, కులం పేరిట వెనుక బల్లకు పంపబడినవారు ఈ నూరేళ్ళలో లేరని గుండెమీద చేయి వేసుకొని చెప్పగలమా? షీల్‌గారు మరణశయ్యపై చేసిన పనిని మనం బ్రతికి ఉండగానే చేయవచ్చు. తలుపు మూసిన ఇంటికి వెళ్ళి తలుపు తట్టవచ్చు. జూబిలీ అంటే పాత లెక్కలు కొట్టివేసి, విడిపోయినవారిని ఇంటికి పిలిచే సంవత్సరమని బైబులు చెబుతోంది కదా.

మేరీ మెకిల్లప్‌ను వెలివేసినపుడు ఆమె శ్రీసభను విడిచిపోలేదు. శ్రీసభ ఆమెను వెలివేసింది గాని ఆమె శ్రీసభను తన మనసులో నుండి వెలివేయలేదు. అందుకే ఒకనాడు మోకాళ్ళపై నిలబెట్టిన ఆమెను శ్రీసభ ఈనాడు బలిపీఠంపై నిలబెట్టింది. ఆ ఓర్పు, ఆ నిర్భయం, బీదబిడ్డలపై ఆ ప్రేమ మనకు, మన బిడ్డలకు, మన మేత్రాసనపు రాబోయే నూరేళ్ళకు దయచేయమని పునీత జోజప్పగారి ద్వారా, పునీత మేరీ మెకిల్లప్ ద్వారా ప్రభువును వేడుకొందము. ఆమెన్.